పేరు ఒకటే, పని వేరు: ఉత్ప్రేరకముల తయారీని మరచిన పాఠములు

కర్నూలు, కడప సీమలలో సున్నపు బట్టీ కాల్చే పనివానికి ఒక సంగతి బాగా తెలుసు. ఒకే గనిలోని సున్నపురాయిని రెండు బట్టీలలో వేసి కాల్చినా, రెండింటి సున్నము ఒకే తీరుగా ఉండదు. అదనుగా కాలిన సున్నము మీద నీళ్ళు పోయగానే అది బుసబుస పొంగి, వేడెక్కి, మెత్తని పిండి అవుతుంది. మంట మితిమీరి కాలినది నీళ్ళలో చాలాసేపు రాయివలెనే పడి ఉంటుంది. రసాయన శాస్త్రము ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టింది: కాల్షియమ్ ఆక్సైడు. పేరు ఒకటే, పని వేరు. భేదము రాతిలో లేదు, కాల్పులో ఉన్నది.

బట్టీ పనివానికి తెలిసిన ఈ సంగతినే ఉత్ప్రేరకములను గురించిన పాఠములు మరచిపోతున్నాయి. ఉన్నత పాఠశాల విద్యార్థి నూనెను గట్టి కొవ్వుగా మార్చడానికి "నికెలు" అని నేర్చుకుంటాడు. గంధకామ్లము తయారీలో "ప్లాటినము పూసిన రాతినార" అని పాత పుస్తకములలో చదువుతాడు. ఇంటర్మీడియట్‌కు వెళ్ళిన తరువాత రోజెన్‌మండ్ చర్యలో "బేరియమ్ సల్ఫేటు మీద పలాడియము" అని బాణము గుర్తు మీద వ్రాస్తాడు. పరీక్షలో మార్కు వస్తుంది. కాని ఆ మూడు పేర్లలో ఏ ఒక్కటీ నిజముగా ఉత్ప్రేరకము కాదు. అవి ఉత్ప్రేరకములు తయారయ్యే ముడిసరుకుల పేర్లు. ఆ సరుకును ఎట్లా కరిగించారు, ఎట్లా అవక్షేపముగా దించారు, ఏ నీళ్ళతో కడిగారు, ఎంత వేడిలో కాల్చారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పనిదే ఉత్ప్రేరకమును గురించి ఏమీ చెప్పినట్లు కాదు.

ఇందులో ఒక విచిత్రమున్నది. రాతినార, బేరియమ్ సల్ఫేటు రెండూ కడప నేలలో దొరికేవే. ఆముదమును ఉదజని వాయువుతో గట్టిపరచే పరిశ్రమ కర్నూలు సమీపానే ఉన్నది. అంటే పుస్తకములోని మూడు ఉదాహరణములూ రాయలసీమ విద్యార్థి గడపలోనే ఉన్నాయి. అయినా పుస్తకము వాటిని ఎక్కడో దూరదేశపు వస్తువులవలె బాణము గుర్తు మీద నిలబెట్టి వదలివేస్తున్నది.

నిర్వచనములో సగము నిజము

1835లో స్వీడను దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ ఈ వింత ప్రభావమునకు "కెటాలిసిస్" అని పేరు పెట్టాడు. అప్పటినుంచి వస్తున్న నిర్వచనము అందరికీ తెలిసినదే: చర్యావేగమును మార్చుతూ, చివరకు తాను మారక మిగిలే పదార్థము ఉత్ప్రేరకము. ఇది తప్పు కాదు, అయితే సగమే. చర్యకు ముందూ తరువాతా దాని బరువు ఒకటే అని నిర్వచనము చెబుతుంది. చర్య జరిగేటప్పుడు ఆ పదార్థములో ఏ భాగము పని చేస్తుందో చెప్పదు.

ఘన ఉత్ప్రేరకములో పని చేసేది ఉపరితలము. లోపలి అణువులు ఎన్ని ఉన్నా వాయువునకు గాని నూనెకు గాని అవి అందవు. ఒక సెంటీమీటరు భుజము గల నికెలు ఘనమును ఊహించండి. దాని ఉపరితలము 6 చదరపు సెంటీమీటర్లు. అదే ఘనమును సెంటీమీటరులో పదిలక్షలవ వంతు భుజము గల ముక్కలుగా కోయగలిగితే, ముక్కలన్నిటి ఉపరితలము కలిపి 600 చదరపు మీటర్లు అవుతుంది. సీమ రైతు లెక్కలో చెప్పాలంటే సుమారు 15 సెంట్ల నేల. నికెలు బరువు రవ్వంత కూడా పెరగలేదు. పని జరిగే చోటు మాత్రము పది లక్షల రెట్లు పెరిగింది. ఆ నేలను విస్తరింపజేసేది, విస్తరించినదాన్ని చెడిపోకుండా కాపాడేది తయారీ విధానము. "నికెలు" అన్న మాటలో ఈ 15 సెంట్ల నేల కనిపించదు.

మొదటి రాయి: పులివెందుల రాతినార

కడప జిల్లా పులివెందుల ప్రాంతములో క్రైసొటైల్ జాతి రాతినార ఉన్నది. వేంపల్లె డోలమైటు పొరలలోకి భూగర్భమునుంచి కరిగిన శిల చొచ్చుకొని వచ్చినప్పుడు, ఆ వేడికీ నీటికీ డోలమైటు మారి ఈ నార ఏర్పడింది. 1875లో జర్మనీలో క్లెమెన్స్ వింక్లర్ గంధకామ్లము తయారీకి ప్లాటినము పూసిన రాతినారను వాడినప్పుడు ఈ జాతి వస్తువులకు శాస్త్రములో చోటు దొరికింది. గంధక ద్విఆక్సైడును ప్లాటినము సహాయముతో ఆమ్లజనితో కలపవచ్చునని 1831లోనే ఇంగ్లండులో పెరిగ్రిన్ ఫిలిప్స్ పేటెంటు పొందాడు. ఆ తరువాత నలభై ఏండ్లకు పైగా అది పరిశ్రమ కాలేదు. ప్లాటినము దొరకక కాదు. ప్లాటినమును ఎట్లా నిలపాలో, వాయువును ఎట్లా శుభ్రపరచాలో తెలియక.

రాతినారను ప్లాటినము లవణ ద్రావణములో నానబెట్టి, ఆరబెట్టి, కాలిస్తే లోహము నారపోగుల మీద సన్నగా అంటుకొంటుంది. ద్రావణము చిక్కనైతే లోహము గుంపులు గుంపులుగా పేరుకొంటుంది. ఖరీదైన ప్లాటినములో ఎక్కువ భాగము గుంపుల లోపల ఊరక పడి ఉంటుంది. కాల్పు హెచ్చితే చిన్న కణములు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. పైగా ఇనుప గంధకపు రాయిని కాల్చగా వచ్చే వాయువులోని పాషాణము, అనగా ఆర్సెనిక్, ప్లాటినమునకు విషము. ఇవన్నీ తెలిసిన తరువాతనే పరిశ్రమ నిలబడింది. కాలక్రమమున ప్లాటినము పోయి, సిలికా మీద పొటాసియమ్ లవణములతో కలిసిన వెనేడియమ్ ఆక్సైడు వచ్చింది. రాతినార ధూళి ఊపిరితిత్తుల క్యాన్సరుకు దారితీస్తుందని రుజువైనందున నేటి బడి ప్రయోగశాలలో రాతినారకు చోటు లేదు. ఉపాధ్యాయుడు ఈ ఉదాహరణను మాటలోనే చెప్పవలె, చేతితో చూపరాదు.

రెండవ రాయి: మంగంపేట ముగ్గురాయి

పాత కడప జిల్లాలో భాగముగా ఉండి, 2022 నాటి పునర్విభజనలో వేరైన ఓబులవారిపల్లె మండలములో మంగంపేట ఉన్నది. అక్కడి ముగ్గురాయి, అనగా బెరైటీస్, ఒకేచోట ఉన్న నిక్షేపములలో ప్రపంచములోనే అతి పెద్దవానిలో ఒకటి. రసాయనముగా అది బేరియమ్ సల్ఫేటు. అందులో ఎక్కువ భాగము పొడిచేయబడి నూనెబావులు తవ్వేచోట బురదను బరువెక్కించడానికి పోతుంది. రోజెన్‌మండ్ చర్యలో పలాడియమునకు ఆధారముగా ఉండేది కూడా బేరియమ్ సల్ఫేటే. అయితే ముగ్గురాయిని దంచి దాని మీద పలాడియము పూస్తే సరిపోతుందా?

సరిపోదు. గనిలోని రాతిలో ఇనుము, సిలికా మొదలైనవి కలిసి ఉంటాయి. శుద్ధమైన బేరియమ్ సల్ఫేటు కావాలంటే ముందు రాతిపొడిని బొగ్గుతో కలిపి సుమారు 1,000 డిగ్రీల సెంటిగ్రేడుకు పైన కాల్చవలె. అప్పుడు నీటిలో కరిగే బేరియమ్ సల్ఫైడు వస్తుంది. దానిని కరిగించి, వడగట్టి, గంధకామ్లముతో గాని సోడియమ్ సల్ఫేటుతో గాని కలిపితే తెల్లని అవక్షేపము మళ్ళీ దిగుతుంది. రాయిగా బయలుదేరిన బేరియమ్ సల్ఫేటు బేరియమ్ సల్ఫేటుగానే తిరిగి వచ్చింది. సూత్రము మారలేదు. కాని కణముల పరిమాణము, శుభ్రత పూర్తిగా మారినవి. ద్రావణముల గాఢత, వేడి, కలియబెట్టే వేగము మార్చితే కణము మళ్ళీ మారుతుంది. ఇంత చేసి కడుగుటలో అశ్రద్ధ చేస్తే, మిగిలిన సల్ఫైడు పలాడియమును విషపూరితము చేస్తుంది.

1918లో రోజెన్‌మండ్ ఈ ఆధారమును ఎన్నుకొనుటలో మరొక కీలకమున్నది. ఆమ్ల క్లోరైడును ఆల్డిహైడు దగ్గర ఆపవలె. అది ఆల్కహాలు దాకా పోరాదు. బేరియమ్ సల్ఫేటు ఉపరితలము తక్కువ గనుక దాని మీది పలాడియమునకు తీవ్రత తక్కువ. అది చాలదన్నట్లు క్వినొలిన్, గంధకముల మిశ్రమమును కొద్దిగా చేర్చి ఆ తీవ్రతను ఇంకా తగ్గిస్తారు. పైన విషమని చెప్పిన గంధకమే ఇక్కడ కొలత ప్రకారము వాడితే మందు అవుతున్నది. అంటే ఉత్ప్రేరకపు "సమర్థత" అనేది ఒక్క వేగము కాదు. ఎక్కడ ఆగాలో తెలియడము కూడా సమర్థతే. "బేరియమ్ సల్ఫేటు మీద పలాడియము" అని బట్టీపట్టిన విద్యార్థికి ఆ బేరియమ్ సల్ఫేటు అక్కడ ఎందుకున్నదో తెలియదు. కడపలో పుట్టిన విద్యార్థికి అది తన ఊరి ముగ్గురాయి చుట్టమని కూడా తెలియదు.

కర్నూలు ఆముదము, నికెలు

కర్నూలు సమీపాన గొందిపర్లలో నెలకొన్న శ్రీ రాయలసీమ ఆల్కలీస్ అండ్ అల్లైడ్ కెమికల్స్ కర్మాగారము కాస్టిక్ సోడాతో పాటు ఆముదపు ఉత్పత్తులను కూడా చేపట్టింది. ఈ రెండు పనులకూ ఉన్న చుట్టరికము రసాయన లెక్కలో తెలుస్తుంది. ఉప్పునీటిని విద్యుత్తుతో విడదీసి ఒక టన్ను కాస్టిక్ సోడా చేస్తే 25 కిలోల ఉదజని ఉపఫలముగా వస్తుంది. ఒక టన్ను ఆముదమును పూర్తిగా గట్టిపరచడానికి లెక్కప్రకారము సుమారు 7 కిలోల ఉదజని చాలు. గట్టిపడిన ఆముదము సుమారు 86 డిగ్రీల వద్ద కరిగే మైనమువంటి పదార్థము. యంత్రములకు వాడే గ్రీజు తయారీకి దీనినుంచి వచ్చే ఆమ్లము ముఖ్యమైన సరుకు.

ఉదజనిని నూనెతో కలిపేది నికెలు. పుస్తకము ఇక్కడ ఆగుతుంది. పని ఇక్కడ మొదలవుతుంది. సామాన్యమైన ఒక పద్ధతిలో నికెలు సల్ఫేటు ద్రావణములో సోడా కలిపి, సన్నని సిలికా మట్టి మీద నికెలు కార్బొనేటును దించుతారు. దానిని వడగట్టి, కడిగి, ఆరబెట్టి, 350 నుంచి 500 డిగ్రీల వేడిలో ఉదజని వాయువుతో క్షయకరణము చేస్తారు. ఇందులో ప్రతి మెట్టూ ఫలితమును మార్చగలదు.

మొదటిది దించుట. సోడాను ఒక్కసారిగా పోస్తే కణములు ఒకచోట చిన్నవిగా, ఒకచోట పెద్దవిగా ఏర్పడతాయి. రెండవది కడుగుట. సల్ఫేటు మిగిలిపోతే తరువాత ఉదజనిలో అది సల్ఫైడుగా మారి నికెలును చంపుతుంది. కర్నూలు, కడపలవంటి సున్నపురాతి సీమలో ఈ మెట్టు మరీ గడ్డు. ఇక్కడి బోరునీళ్ళలో పాత్ర అడుగున తెల్లని పొర కట్టించే లవణములున్నవి. ఆ నీళ్ళతో కడిగితే ఒక మలినము పోయి మరొకటి చేరుతుంది. కాబట్టి లవణములు తీసిన నీరు తప్పనిసరి. మూడవది క్షయకరణము. వేడి చాలకపోతే నికెలు లోహము కాదు. హెచ్చితే కణములు కలిసిపోయి, కష్టపడి విస్తరించిన నేల మళ్ళీ ముడుచుకుపోతుంది. అతిగా కాలిన సున్నమునకు పట్టిన గతే దీనికీ. నాలుగవది నిలువ. ఇట్లా తయారైన నికెలు గాలి తగిలితే దానంతట అదే మండగలదు. అందుకే దానిని గట్టికొవ్వులో కప్పి ఉంచుతారు.

ఇది ఒక దారి మాత్రమే. మరొక దారిలో నికెలు, అల్యూమినియముల మిశ్రలోహమునుంచి కాస్టిక్ సోడాతో అల్యూమినియమును కరిగించివేస్తే సందులు సందులుగా నికెలు మిగులుతుంది. 1920లలో అమెరికాలో మర్రే రేనీ కనిపెట్టిన నికెలు ఇదే. పేరు చూస్తే రెండూ నికెలే. పనిలో ఒకదానికొకటి ప్రత్యామ్నాయములు కావు. ఇక ఆముదము సంగతి వేరు: దాని అణువులోని హైడ్రాక్సిల్ భాగము చెడకుండా, జంటబంధము మాత్రమే నిండవలె. ఉత్ప్రేరకము అతి తీవ్రమైనా, వేడి మించినా సరుకు చెడుతుంది.

ఇనుము చెప్పిన పాఠము, బంగారము చెప్పిన పాఠము

ఈ లోపము రాయలసీమకు పరిమితము కాదు. నత్రజని, ఉదజనులనుంచి అమ్మోనియా చేసే పద్ధతికి ఉత్ప్రేరకము "ఇనుము" అని అన్ని పుస్తకములూ చెబుతాయి. జర్మనీలో ఆల్విన్ మిట్టాష్ బృందము శుద్ధమైన ఇనుముతో చేసిన ప్రయత్నములు నిరాశనే మిగిల్చినవి. స్వీడను దేశపు గెలివారా గనుల మాగ్నటైటు మాత్రము చక్కగా పనిచేసింది. కారణము వెదుకగా, ఆ రాతిలోని కొద్దిపాటి మలినములు ఇనుమునకు సాయము చేస్తున్నవని తేలింది. 1912 నాటికి ఆ బృందము సుమారు 2,500 పదార్థములతో 6,500 పరీక్షలు చేసింది. చివరకు నిలిచినది అల్యూమినా, పొటాషులతో కలిపి కరిగించి, తరువాత క్షయకరణము చేసిన ఇనుము. నేడు దేశములోని యూరియా బస్తా వెనుక ఉన్నది "ఇనుము" కాదు. ఆ ఇనుమును తయారుచేసిన తీరు.

బంగారము కథ ఇంకా ఆశ్చర్యకరము. అది దేనితోనూ కలవని సోమరి లోహమని చాలాకాలము నమ్మారు. 1987లో జపానులో మసతాకె హరూతా బృందము బంగారమును ఇనుము, కోబాల్టువంటి లోహముల ఆక్సైడులతో కలిపి ఒకేసారి అవక్షేపముగా దించి చూసింది. ఆ బంగారము సున్నా కంటె ఎంతో దిగువన, మైనస్ 70 డిగ్రీల వద్దనే కార్బన్ మోనాక్సైడును ఆమ్లజనితో కలిపింది. బంగారు క్లోరైడు ద్రావణములో ఆధారమును నానబెట్టి కాల్చే పాత పద్ధతిలో క్లోరైడు మిగిలి, కణములు పెద్దవై, ఆ శక్తి కనిపించకుండా పోయింది. లోహము సోమరి కాదు, తయారీ సోమరి.

పరిశోధన పత్రములలో లోపము

పాఠ్యపుస్తకమునకు స్థలము తక్కువ అని సరిపెట్టుకోవచ్చును. రసాయనిక ఇంజనీరింగు పరిశోధన పత్రములకు ఆ సాకు లేదు. అయినా ఎన్నో పత్రములలో చర్యావేగమును గురించిన పటములు పది ఉంటే, ఉత్ప్రేరకపు తయారీని గురించి రెండు వాక్యములుంటాయి: "తెలిసిన పద్ధతిలో తయారుచేయబడినది", "బాగా కడిగి ఆరబెట్టబడినది". బాగా అంటే ఎన్ని సార్లు? ఏ నీళ్ళతో? ఎన్ని గంటలు, ఏ వేడిలో? వేడిని నిమిషమునకు ఎన్ని డిగ్రీల చొప్పున పెంచారు? ఇవి చెప్పని పత్రము వంటకము రుచిని వర్ణించి, వండిన తీరు దాచిన పుస్తకమువంటిది.

పరిశ్రమలు రహస్యము దాచుకోవడము సహజము. ఆ తయారీయే వాటి ఆస్తి. కాని ప్రజల ధనముతో జరిగే పరిశోధన మరొకరు తిరిగి చేసి చూడగలిగినదై ఉండవలె. దీనికి మంచి ఆదర్శములు ఉన్నాయి. 1921 నుంచి వెలువడుతున్న "ఆర్గానిక్ సింథెసిస్" సంపుటములలో ప్రతి విధానమును సంపాదకులలో ఒకరి ప్రయోగశాలలో మళ్ళీ చేసి, సరిపోయిన తరువాతనే అచ్చువేస్తారు. బేరియమ్ సల్ఫేటు మీద పలాడియము చేసే పద్ధతి కూడా అందులో మెట్టు మెట్టుగా ఉన్నది. 1975లో బ్రస్సెల్సులో ఉత్ప్రేరకముల తయారీ కొరకే ప్రత్యేకముగా ఒక అంతర్జాతీయ గోష్ఠి జరిగింది. అంతవరకు చేతివాటముగా భావించినదానికి శాస్త్రపు హోదా రావలెనన్నదే దాని ఉద్దేశము.

ఈ లోపము వల్ల నష్టపోయేది చిన్న ప్రయోగశాల. పెద్ద సంస్థలో పత్రము వ్రాయనిదానిని పక్కగదిలోని అనుభవజ్ఞుని అడిగి తెలుసుకొంటారు. కర్నూలులోనో కడపలోనో ఒక కళాశాల విద్యార్థి అదే పత్రమును చూసి, అదే పేరు గల లోహముతో పనిచేసి, ఫలితము రాక, తనదే తప్పని కుంగిపోతాడు. లేదా "ఈ ప్రాంతపు ముడిసరుకు పనికిరాదు" అని తీర్పు చెబుతాడు. నిజానికి పనికిరానిది సరుకు కాదు, కడిగిన నీళ్ళు కావచ్చును. ఇటువంటి తీర్పు ఒకసారి వ్రాతలోకి ఎక్కితే దానిని తుడవడము కష్టము. రాయి రాయిగానే లారీ ఎక్కిపోతుంది. దానిని తయారుచేసే విద్య మరొకచోట పెరుగుతుంది.

తరగతి గదిలో చేయదగినది

తయారీ ప్రభావమును చూపడానికి నికెలు, పలాడియము అక్కరలేదు. మందుల షాపులో దొరికే 3 శాతము ఉదజని పెరాక్సైడు, సీమలో ఉర్లగడ్డ అనే బంగాళదుంప చాలు. మూడు గాజు గ్లాసులలో సమానముగా పెరాక్సైడు పోయవలె. ఒకదానిలో పచ్చి దుంప ముక్కను, రెండవదానిలో అంతే బరువుగల పచ్చి దుంపను మెత్తగా నూరి, మూడవదానిలో ఉడికించి నూరినదానిని వేయవలె. ముక్క చుట్టూ నెమ్మదిగా బుడగలు వస్తాయి. నూరినది నురుగు కక్కుతుంది. ఉడికినది దాదాపు ఊరకుంటుంది. దుంప ఒకటే, బరువు ఒకటే. తయారీ మూడు విధములు.

ఇక్కడ ఉపాధ్యాయుడు ఒక హెచ్చరిక చేయవలె. దుంపలో పనిచేసేది కెటలేజు అనే ఎంజైము. ఉడికినప్పుడు దాని అణువు ఆకృతి చెడుతుంది. నికెలు వేడికి చెడడము కణములు కలిసిపోవడము వల్ల. కారణములు వేరు; పాఠము ఒకటే. వేడి, పరిమాణము, శుభ్రత ఉత్ప్రేరకమునకు బయటి సంగతులు కావు.

పాఠ్యపుస్తకములలో కొత్త అధ్యాయము చేర్చనక్కరలేదు. నిర్వచనము కింద ఒక్క వాక్యము చేర్చితే చాలు: "ఉత్ప్రేరకపు శక్తి, అది ఏ పదార్థమో అన్నదాని మీదనే గాక, దానిని తయారుచేసిన విధానము మీద కూడా ఆధారపడి ఉంటుంది." ఆ వాక్యము అచ్చయ్యేదాకా, బాణము గుర్తు మీద "నికెలు" అని వ్రాసిన విద్యార్థిని ఉపాధ్యాయుడు ఒక ప్రశ్న అడగవచ్చును: "ఎట్లా చేసిన నికెలు?" ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ ఆ విద్యార్థి సున్నపు బట్టీ దగ్గరికి వెళ్ళి నిలబడినా, అది మంచి ఆరంభమే.